అప్ప మీద ఎక్కించిన సినిమా

ఒక పాత సినిమా ఉంది. పేరు చెప్పను. అది టీవీలో వచ్చిన ప్రతిసారీ నాకు వంటింట్లో ఏదో పని గుర్తుకొస్తుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెళ్లి పొయ్యి దగ్గర నిలబడతాను. ముప్పై ఏళ్లుగా ఇంతే. నాకు ఏడుపు సినిమాలు పడవని ఇంట్లో అనుకుంటారు. అనుకోనిచ్చాను. నేను మోస్తున్న బరువు సరిగ్గా ఆ సినిమా అంత పొడుగుంటుంది, పాటలతో సహా. మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసిన మనిషికి ఒకసారి చెప్పి చూశాను. పని జరగలేదు. ఆ సంగతీ చెబుతాను.

ముందు సినిమా కథ చెప్పాలి. హీరో లారీ మీంచి పడతాడు. తలకు దెబ్బ తగిలి పెళ్లాన్ని మర్చిపోతాడు. ఊరు గుర్తే, ఇల్లు గుర్తే, ఆవు పేరు గుర్తే. ఆమె ఒక్కతే గుర్తు లేదు. ఆమె అదే ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. అతనికిష్టమైన బీరకాయ పచ్చడి చేసి పెడితే ఉప్పు తక్కువైందంటాడు. పెళ్లిచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, చీర బాగుంది, ఎక్కడ కొన్నారు అంటాడు. చివరికి ఆమె విసిగి వెళ్లిపోతూ గుమ్మం దాటుతుంటే గాజులు తలుపు గొళ్లేనికి తగులుతాయి. ఆ చప్పుడుతో అతనికి అంతా గుర్తొచ్చేస్తుంది. అక్కడ జనం హాల్లో చప్పట్లు కొట్టేవారట. నేను హాల్లో చూడలేదు. ఇంట్లో, ఒక ఆదివారం, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారే చూశాను.

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్పను అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాగా చేసే బావకిచ్చి పెళ్లి చేశారు. మా ఇళ్లల్లో వీడియో తీయించిన మొదటి పెళ్లి అదే. ఒకడు పెద్ద లైటు పట్టుకుని, ఒకడు భుజాన కెమెరా వేసుకుని తిరుగుతుంటే, వాళ్లు ఎటు వెళ్తే జనం అటు జడలు సర్దుకున్నారు. నేనూ సర్దుకున్నాను. పాప పుట్టిన ఎనిమిదో నెలలో అప్పకు పచ్చకామెర్లు వచ్చాయి. ముందు ఆకుపసరన్నారు, తర్వాత ఆస్పత్రన్నారు, ఈలోపల అయిపోయింది.

ఏడాది తిరక్కుండా నన్ను బావకిచ్చి చేశారు. పాపను పరాయిది చూస్తుందా, పిన్ని చూస్తుంది గాని, అన్నారు పెద్దవాళ్లు. నన్నూ అడిగారు. తల ఊపాను. ఇష్టం లేకుండా ఊపానని చెబితే ఈ కథ నాకు కాస్త అనుకూలంగా ఉంటుంది. కానీ బావంటే నాకు ఇష్టమే. అప్ప బతికున్నప్పుడూ ఇష్టమే. మరదళ్లకు బావలంటే ఉండే ఇష్టమే అది, అంతకు మించి కాదు అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అంతకు మించి కాకపోతే అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవాలి?

మా పెళ్లి నూకాలమ్మ గుడిలో పదిమంది ముందు అయింది. సన్నాయి లేదు, వీడియో లేదు. రెండో పెళ్లికి అవెందుకని ఎవరూ అనలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

బావకు సినిమాల పిచ్చి. టీవీ కింద క్యాసెట్లు వేసుకునే డెక్కు ఉండేది. ఆదివారం టీవీలో వచ్చే సినిమాలను పాత క్యాసెట్ల మీద ఎక్కించుకునేవాడు. దానికొక కిటుకుంది, అది మీకు తెలియాలి. క్యాసెట్ వెనకవైపు చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్ మీద ఏదీ ఎక్కదు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఆ ముక్క విరిచేసే ఇస్తారు. ఆ గుంట మీద సెల్లోటేపు అతికిస్తే మాత్రం డెక్కు మోసపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. బావ ఆ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. కాబట్టి పెళ్లి క్యాసెట్ మీద పొరపాటున ఏదీ ఎక్కదు. కావాలని చేస్తేనే ఎక్కుతుంది.

ఆదివారం భోజనాలయ్యాక బావ పాపను ఒళ్లో పెట్టుకుని పెళ్లి క్యాసెట్ వేసేవాడు. అదిగో అమ్మ, అని చూపించేవాడు. పాప తప్పటడుగులతో టీవీ దగ్గరికి వెళ్లి అప్ప మొహాన్ని అరచేత్తో తట్టేది. నేను గిన్నెలు తోముతూ వంటింట్లోంచి వినేదాన్ని. ఏ సన్నాయి తర్వాత ఏ సన్నాయో నాకు కంఠతా వచ్చేసింది. తలంబ్రాల దగ్గర బావ నవ్వేవాడు, తెర మీద బావా, చాప మీద బావా, ఇద్దరూ కలిసి. నాతో ఉన్నప్పుడు ఆ నవ్వు నేను చూడలేదు. మంచివాడే. పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ చచ్చిపోయినవాళ్లకు కూర మాడదు, కోపం రాదు, జ్వరంతో మొహం పీక్కుపోదు. అప్ప ప్రతి ఆదివారం పట్టుచీరలోనే వచ్చేది. నేను అంట్ల చేతులతో ఉండేదాన్ని. నాకు ఒళ్లు మండేది. చెప్పేశాను కదా, ఒళ్లు మండేది. నన్ను ఎత్తుకు పెంచిన అప్ప మీద.

ఆ ఆదివారం బావ కె. కోటపాడు వైపు రైతుల దగ్గరికి వెళ్లాడు. పాప నిద్రపోతోంది. టీవీలో ఆ సినిమా మొదలవబోతోంది. బావకు ఇష్టమైన సినిమా, ఎక్కించి ఉంచితే సంతోషిస్తాడనుకున్నాను. అలా అనుకున్నానని ఎన్నో ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. సొరుగులో పాత క్యాసెట్ ఇంకోటి ఉంది. నా చెయ్యి ముందు దాని మీదే పడింది. పడి, పక్కకు జరిగింది. సెల్లోటేపు పంటితో కొరికి గుంట మీద అతికించాను. రెండు మీటలు కలిపి నొక్కాను. ఎర్రలైటు వెలిగింది.

ఆపొచ్చు కదా? మొదటి పాటప్పుడు ఆపి ఉంటే, పెళ్లికూతుర్ని చేసిన ఘట్టం ఒక్కటే పోయేది. రెండో పాటప్పుడు ఆపినా మంగళసూత్రం మిగిలేది. ఏ పాట కింద ఏ ఘట్టం పోతోందో నాకు తెలుస్తూనే ఉంది, సన్నాయి వరస కంఠతా వచ్చు కదా. ఇప్పుడు జీలకర్ర బెల్లం. ఇప్పుడు తలంబ్రాలు. తలంబ్రాలు పోయేటప్పుడు లేచి డెక్కు దాకా వెళ్లాను కూడా. వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నాను. పైగా ఏడ్చాను. మొగుడు మర్చిపోయిన ఆ పెళ్లాం కోసం కొంగు తడిసేలా ఏడ్చాను. ఒకతెను నా చేత్తో చెరిపేస్తూ, ఇంకొకతెను మర్చిపోయారని ఏడవడం ఏ రకం ఏడుపో, ఈనాటికీ నాకు అర్థం కాదు.

సినిమా అయిపోయాక భయం వేసింది. అతికించిన టేపు పీకేశాను. అది వానాకాలం, క్యాసెట్లకు బూజు పట్టే కాలం. పాపకు రాసే పౌడరు కొంచెం వేలికద్ది క్యాసెట్ మూత ఎత్తి లోపల పూశాను. సాయంత్రం బావ వచ్చాక, పెళ్లి క్యాసెట్‌కి బూజు పట్టేసింది, వేస్తే డెక్కు పాడైపోతుందేమో అన్నాను. బావ దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు. పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో అప్ప చీరల కింద పెట్టాడు. ఎప్పుడైనా బాగుచేయిద్దాం అన్నాడు. తర్వాత డెక్కులే పోయాయి.

ఆ రోజు నుంచి నాకు మీటలు నొక్కడం రాకుండా పోయింది. డెక్కు ముట్టుకోలేదు. టీవీ పెట్టాలంటే పాపను పిలిచేదాన్ని. సెల్‌ఫోన్ వచ్చాక ఎత్తడం, పెట్టడం, అంతే. మీ అమ్మకు మిక్సీ తప్ప ఏ మీటా తెలీదు అని బావ ఆటపట్టిస్తే అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకున్నదాన్ని నేను. ఏమీ చేతకానిదాన్ని ఎవరు అనుమానిస్తారు? ఎవరూ అనుమానించలేదు. అంత బాగా నేర్చుకున్నాను, ఏమీ రాకపోవడం.

నాకు మళ్లీ పిల్లలు కలగలేదు. పాపే నా కూతురు. నన్ను అమ్మా అనే పిలుస్తుంది, అప్పను ఫోటోలో అమ్మ అనేది. ఫోటోలో అమ్మ ఎలా నడిచేది, ఎలా నవ్వేది అని అడిగేది. అమ్మనడుగు అని బావ నా వైపు చూపించేవాడు. నేనే చెప్పేదాన్ని. మొదట్లో నిజాలే చెప్పాను. కానీ పిల్లలకు నిజాలు చాలవు, ఇంకా కావాలంటారు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది అని చెప్పాను ఒకరోజు. అప్ప ఎప్పుడూ అలా నవ్వలేదు. పళ్లన్నీ కనబడేలా, వీధి చివరికి వినబడేలా నవ్వేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది నేను. మా అమ్మాయి ఇప్పుడు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, అమ్మ పోలిక అని మురిసిపోతుంది.

సినిమాలో జ్ఞాపకం ఒక దెబ్బతో పోతుంది, ఒక చప్పుడుతో వస్తుంది. పోయేటప్పుడు మొత్తం పోతుంది, వచ్చేటప్పుడు మొత్తం వస్తుంది. అంత శుభ్రంగా ఎక్కడైనా జరుగుతుందా? మార్కెట్లో బెల్లం దిమ్మలకు చెమ్మ తగిలితే అంచులు కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. తర్వాత విడదీస్తే దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి ఊడి వస్తుంది. మా అప్పా నేనూ మా అమ్మాయి మనసులో అలా అంటుకుపోయాం. విడదీయడం నాకు చేతకాదు.

మొన్నీ మధ్య మా అమ్మాయికి పుట్టిన పాపకు ఎనిమిదో నెల వచ్చింది. అమ్మాయికి అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగం. పొద్దున్నే పాపను నా చేతికిచ్చి కంపెనీ బస్సెక్కుతుంది. ఒకరోజు బస్సు దిగి వచ్చి పాపను ఎత్తుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నేను ఇంతున్నప్పుడే కదమ్మా తను పోయింది, అంది. ఆ వారమే బీరువా తీసి పసుపు గుడ్డ విప్పింది. విశాఖలో ఎవరో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారట. బూజు పట్టింది కదే, అన్నాను. బూజు కూడా కడుగుతారంటమ్మా, అంది.

క్యాసెట్ వెనక్కి వచ్చేదాకా నేను మనిషిని కాను. నూకాలమ్మకు మొక్కుకున్నాను. ఏమని? ఆ క్యాసెట్ ఆడకూడదని. మా అప్ప కనబడకపోయినా పరవాలేదు, కనబడకపోవడానికి కారణం కనబడకూడదని. అమ్మవారికి ఇలాంటి మొక్కు నాకు ముందు ఎవరైనా మొక్కారో లేదో.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి ముగ్గురం కూర్చున్నాం. సినిమా మొదలైంది. షాపువాడు మార్చి ఇచ్చాడేమో అంది అమ్మాయి. కాదు, మన టీవీలోంచి ఎక్కించిందే, అన్నాడు బావ. చివరిదాకా జరిపింది. గాజుల చప్పుడు అయింది, హీరోకి అంతా గుర్తొచ్చింది, శుభం పడింది, తెర ఒక్కసారి గిలగిలలాడింది. ఆ తర్వాత పెళ్లి. సినిమా కంటే క్యాసెట్ కాస్త పొడుగు. ఆ చివరి ముక్క మిగిలిపోయింది.

అది భోజనాల పంక్తి. అందులో అప్ప కనబడదు. నేనున్నాను. లంగా ఓణీలో, లడ్డూల పళ్లెం పట్టుకుని, కెమెరా వైపు చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను. పంక్తిలో ఎక్కడో కూర్చున్న పెళ్లికూతురి గొంతు మాత్రం వినబడింది.

"ఏటే, నీ జడ ఊడిపోతంది. సూసుకోవేటి."

అంతే. తెర నల్లబడింది. ఎవరు నాన్నా ఆ గొంతు, అంది అమ్మాయి. మీ అమ్మ, అన్నాడు బావ. అమ్మాయి దాన్ని మళ్లీ మళ్లీ వేసింది. నా నోటి మీది చెయ్యి ఆమె చూసిందో లేదో నాకు తెలీదు. గొంతే విన్నదనుకుంటాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని చెప్పింది, వెనక గుంట మీద టేపు జిగురు ఉందని షాపతను చూపించాడట, ఎవరో అతికించి ఎక్కించారన్నాడట. బావ తన చేతుల వంక చూసుకున్నాడు. ఈ ఇంట్లో ఆ పని వచ్చింది నాకే, నేనే సేసుంటానమ్మా, అన్నాడు. పోనీలే నాన్నా, అని అమ్మాయి అతని భుజం పట్టుకుంది. నేను అప్పటికే లేచి, పాపను చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆనాటి నుంచి బావ టీవీ చూడటం మానేశాడు. అప్ప ఫోటో ముందు రోజూ నిలబడుతున్నాడు. ఇంతకంటే దారుణం ఇంకొకటి జరిగింది. నేనే చేసుంటాను అన్న మనిషికి మెల్లమెల్లగా చేసినట్టు గుర్తు రావడం మొదలైంది. ఆ రోజు వాన పడిందని ఒకసారి అన్నాడు. కరెంటు పోయి వచ్చిందని ఇంకోసారి అన్నాడు. చెయ్యని పనిని అతను రోజుకింత గుర్తు చేసుకుంటుంటే, చేసినదాన్ని నేను అన్నం వడ్డిస్తున్నాను. ముప్పై ఏళ్ల కిందటి తప్పు చేసినప్పుడు నేను చిన్నపిల్లను అనుకోవచ్చు. మరి ఇప్పుడు?

ఒక మధ్యాహ్నం తట్టుకోలేకపోయాను. పాప నిద్రపోయింది. బావ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"బావా, ఆ క్యాసెట్ మీద సినిమా ఎక్కించింది నువ్వు కాదు. నేను."

తలెత్తి చూశాడు. "నువ్వా?"

"నేనే. నువ్వు కోటపాడు ఎల్లిన ఆదివారం. టేపు అతికించి ఎక్కించేను. తెలిసే సేసేను."

"నీకు టీవీ ఎయ్యడవే రాదు కదే."

"వచ్చు బావా. అప్పుడూ వచ్చు, ఇప్పుడూ వచ్చు. రానట్టు ఉన్నాను, అంతే."

బావ చింతపండు పక్కన పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. రావాలని కోరుకున్నాను. అతని మొహం మెత్తబడింది.

"నేను బాధ పడతన్నానని నా పాపం నీ నెత్తినేసుకుంటన్నావు. మీ అప్పదీ ఇదే గుణం. నాకన్నీ గుర్తే. ఆ రోజు వాన. నువ్వు పాపకి పాలు పడతన్నావు. నేనే టేపు పంటితో కొరికేను."

కొరికింది నా పళ్లు. ఆ జిగురు రుచి ఇప్పటికీ నా నోట్లో ఉంది. ఎలా చూపించను? లేచి లోపలికి వెళ్లి రిమోట్ తీసుకున్నాను. బావను పిలిచి కూర్చోబెట్టాను. అతని ఎదురుగానే టీవీ పెట్టాను, నెట్‌లో ఆ సినిమాయే వెతికి పట్టాను, రెండో పాట దాకా జరిపాను, ఆపాను, వెనక్కి తెచ్చాను. ఒక్క మీట తడబడలేదు. చూడు బావా, అన్నాను.

"అమ్మాయి నేర్పిందేటి?" అన్నాడు. "మంచిదే. ఇన్నాళ్లకి నేర్చుకున్నావు."

సాయంత్రం అమ్మాయి బస్సు దిగి ఇంటికి రాగానే, మీ అమ్మకు టీవీ వచ్చేసిందని సంబరంగా చెప్పాడు. క్యాసెట్ విషయం దాకా రాలేదు. ఆ బాధలో కాసేపు నవ్వాడు కదా అని నేనూ ఊరుకున్నాను. సినిమాలో ఆ వంటమనిషి నిజం చెబుతూనే ఉంటుంది, మొగుడు నమ్మడు. ఆమెకు గాజులున్నాయి. నాకేముంది? నా అబద్ధం నాకంటే గట్టిది. దాన్ని నేనే పెంచాను, ఇప్పుడు నా మాట వినదు.

అమ్మాయికి చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఆమె నమ్ముతుంది. అందుకే చెప్పలేకపోతున్నాను. అసలు నమ్మడని లోలోపల తెలిసే బావకు చెప్పానా? ఈ ప్రశ్న నన్ను నేను రోజూ అడుక్కుంటున్నాను. లేదు అని గట్టిగా అనలేకపోతున్నాను.

అమ్మాయి ఆ గొంతు ముక్కను ఫోన్‌లో పెట్టుకుంది. పొద్దున్న బస్సుకు వెళ్లేముందు పాప చెవి దగ్గర పెట్టి, ఫోటోలో అమ్మమ్మ గొంతు, విను, అంటుంది. ఏటే, నీ జడ ఊడిపోతంది, సూసుకోవేటి. పాప ఫోన్ వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది. నా చెయ్యి దానంతటదే జడ మీదికి పోతుంది. అప్ప చివరికి మిగిల్చిన ఆ ఒక్క మాటా నాకోసం అన్నదే. కూతురికి ఒక్క మాట మిగల్లేదు. మిగలనివ్వలేదు.

నన్ను మీరు క్షమించనక్కర్లేదు. చిన్నపిల్లవి, తెలియక చేశావని కూడా అనకండి. ఆ మాటలు మా ఇంట్లో దొరుకుతాయి, కావలసినన్ని. నేను తెలిసే చేశాను. మీరొక్కరైనా నమ్మండి, చాలు.